ఏరియల్ తీగ, ఎర్తు గుంత: మన బడిలో షార్ట్‌వేవ్ రోజులు

1960ల చివరి నుంచి 1980ల మొదటి దాకా మన బడిలో చదివినవాళ్లకు సైన్సు గది మీది రాగితీగ గుర్తుండే ఉంటుంది. కప్పు మీద నిలబెట్టిన వెదురుబొంగు నుంచి బయలుదేరి ఆటస్థలం అంచున ఉన్న వేపచెట్టు దాకా పోయేది. సంఘం సమావేశాల్లో ఆ తీగ మాట వస్తే చాలు, రెండు పార్టీలు తయారవుతాయి. ఎర్తు గుంతలో నీళ్లు పోస్తేనే సిలోన్ పలికేదని ఒక పార్టీ. అదేం కాదు, తీగ ఎత్తు పెంచాకే పలికిందని ఇంకో పార్టీ. ఈ సంగతి స్వర్ణోత్సవ సంచికకు రాయమని సంపాదకులు అడిగారు. 1973 నుంచి 75 దాకా సైన్సు క్లబ్బు నోటుపుస్తకం రాసింది నేనే, ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కాబట్టి తగవు తీర్చే పని కూడా నామీదే పడింది.

అయితే ఈ తగవు మన బడిలో పుట్టింది కాదు, రేడియో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1895లో ఇటలీలో తండ్రి ఎస్టేటులో ప్రయోగాలు చేస్తున్న మార్కొనీకి మొదట సంకేతాలు కొద్ది దూరమే పోయేవి. పరికరం ఒక కొనను ఎత్తున గాలిలోకి లేపి, రెండో కొనను నేలలోకి దించాక అవి గుట్ట దాటి అవతలికి చేరాయి. ఏరియల్, ఎర్తు ఒక్క కాన్పులో పుట్టిన కవలలన్నమాట. 1901 డిసెంబరు 12న అదే మార్కొనీ కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి పైకి వదిలి, అట్లాంటిక్ అవతల ఇంగ్లండులోని పోల్డూ నుంచి వచ్చిన మూడు చుక్కల సంకేతం విన్నానని ప్రకటించాడు. నిజంగా విన్నాడా, గరగరలో విన్నట్టు అనిపించిందా అని ఇప్పటికీ సందేహించేవాళ్లు ఉన్నారు. రాత్రి పదకొండుకు చెవి సెట్టుకు ఆనించి ‘వినిపిస్తా ఉంది, వినిపిస్తా ఉంది’ అని పోట్లాడిన మనకు ఆ సందేహం కొత్తేమీ కాదు.

ఆ రోజుల్లో తరంగం ఎంత పొడవైతే అంత దూరం పోతుందని నమ్మకం. 200 మీటర్లకు లోపలి పొట్టి తరంగాలు ఎందుకూ పనికిరావనుకుని, 1912లో అమెరికా చట్టం వాటిని ఔత్సాహికులకు వదిలేసింది. పెద్దలు పారేసిన ఆ బొమ్మతోనే వాళ్లు ప్రపంచాన్ని చుట్టేశారు. 1921 డిసెంబరులో పాల్ గోడ్లీ అనే అమెరికా ఔత్సాహికుడు స్కాట్లండులోని ఆర్డ్రోసన్ దగ్గర డేరా వేసుకుని, నేలకు కొద్ది ఎత్తులో చాలా పొడవైన తీగ లాగి, తన దేశపు ఔత్సాహికుల సంకేతాలను వరుసగా పట్టుకున్నాడు. 1923 నవంబరులో సుమారు 100 మీటర్ల మీద అమెరికాకూ ఫ్రాన్సుకూ మధ్య ఔత్సాహికులు రెండువైపులా మాట్లాడుకున్నారు. పైన ఆకాశంలో తరంగాలను తిప్పికొట్టే పొర ఉండాలని కెనెల్లీ, హెవిసైడ్ 1902లోనే ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగంతో రుజువు చేశాడు, 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశంలో ఆ పొరల మీద పెద్ద పని చేసినవాడు కలకత్తా విశ్వవిద్యాలయంలోని శిశిర్ కుమార్ మిత్రా. మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఆయన పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ కొరతే.

ఇక మన వైపు. 1927లో బొంబాయిలో ప్రసారాలు మొదలయ్యాయి, 1936లో ఆలిండియా రేడియో పేరు వచ్చింది, 1938లో మద్రాసు, 1948 డిసెంబరులో విజయవాడ, 1963లో కడప కేంద్రాలు వచ్చాయి. కడప వచ్చేదాకా అనంతపురం జిల్లాలో పగటిపూట రేడియో పెడితే గురగుర తప్ప మిగిలేది తక్కువ. ఉన్నదల్లా షార్ట్‌వేవే. అందులోనూ సిలోన్. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణి గడప దాటించేసరికి దేశమంతా కొలంబో వైపు తిరిగింది. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా ఆ ఏడాది చివరే మొదలైంది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది ఆ శ్రోతలను వెనక్కి రప్పించుకోవడానికే. సిలోన్‌లో తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గొంతు మా అమ్మల తరానికి ఇంటి ఆడబిడ్డ గొంతంత పరిచయం.

సిలోన్ అంత గట్టిగా ఎందుకు పలికేది? యుద్ధకాలంలో మౌంట్‌బాటెన్ ఆగ్నేయాసియా సైనిక కమాండు కొలంబోలో నడిపిన రేడియో నుంచి శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు తరువాత సిలోన్ వాళ్ల చేతికి వచ్చింది. రెండో కారణం లెక్క. అనంతపురం నుంచి కొలంబో సుమారు 900 కిలోమీటర్లు. తరంగం మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరను తాకి ఒక్క గెంతులో మన నెత్తిన దిగుతుంది. చాలా దూరం నుంచి వచ్చే తరంగాలతో పోలిస్తే ఆ దిగే కోణం నిటారుగా ఉంటుంది, పైనుంచి పడే వాన మాదిరి. ఇది గుర్తుపెట్టుకోండి, తగవు తీర్పులో పనికొస్తుంది.

మన బడి సెట్టు కరెంటుతో నడిచే వాల్వు రేడియో. లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా పోస్టాఫీసుకు పోయి ముద్ర వేయించుకు రావడం తొమ్మిదో తరగతి వాళ్ల హక్కు. ఇళ్లల్లో చాలామంది రాగితీగలతో జడలా అల్లిన పట్టీని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టేవాళ్లు. చూడ్డానికి తోరణంలా బాగుండేది. పనికి మాత్రం అంతంతమాత్రమే, ఎందుకంటే ఇంట్లోని కరెంటు తీగల రొదంతా దానికే ముందు చేరుతుంది. మా సైన్సు సారు మొదట చేసిన పని ఏరియల్‌ను ఇంటి గోడల నుంచి దూరంగా ఆరుబయటకు పంపడం. రెండు చివర్లా కోడిగుడ్డు ఆకారపు పింగాణీ గుండ్లు, చెట్టు వైపు కప్పీ మీదుగా తాడు, తాడు కొసకు రాయి. గాలికి వేపకొమ్మ ఊగితే రాయి పైకీ కిందికీ ఆడేది, తీగ తెగేది కాదు. ఆ రాయి ఊగడం చూస్తూ లెక్కల పీరియడంతా గడిపినవాళ్లు మనలో కలెక్టర్లయ్యారు కూడా.

ఎర్తు గుంత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనది గరుసు నేల. రెండడుగులు తవ్వితే గడ్డపార మొన రాతికి తగిలి మంట లేచేది. డెల్టాలో ఇనుప కడ్డీ నాటితే చాలు, తడి దొరుకుతుంది. ఇక్కడ నేలే ఒక పెద్ద పింగాణీ గుండు. సైన్సు గది వెనక బావి తొట్టి నీళ్లు పారే చోటు వెతికి ఐదడుగులు తవ్వారు. చిల్లులు పొడిచిన జి.ఐ. పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస గళ్లుప్పు, మళ్లీ బొగ్గు వేసి కప్పారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు కరిగి ఆ తడిలో కరెంటుకు దారి ఇస్తుంది. ఆ ఉప్పే పైపును తినేస్తుంది కూడా. అందుకే నాలుగైదేళ్లకు ఒకసారి పైపు మార్చాల్సి వచ్చేది. ఎండాకాలంలో రోజూ రెండు బక్కెట్ల నీళ్లు. ఏ ఏడాది చదివినవాళ్లయినా సారు కేక మరిచిపోయి ఉండరు: ‘రేయ్, ఎర్తుకు నీళ్లు పోసినారా?’ తాగడానికే నీళ్లు కరువైన మే నెలల్లో గుంతకు నీళ్లు పోస్తున్నామని ఊళ్లో ఆడవాళ్లు మమ్మల్ని తిట్టిన మాట నిజం. వాళ్ల తిట్లలో న్యాయముంది. ఆ తరువాత సారు చేతులు కడిగిన నీళ్లు, పరీక్షనాళికలు కడిగిన నీళ్లు మాత్రమే గుంతకు అని నియమం పెట్టారు.

సారు దగ్గర చూసి ఇంట్లో కూడా ఎర్తు వేస్తామని పిల్లలు బయలుదేరితే ఆయన ముందు ఆ ఇంటికి వెళ్లి సెట్టు వెనక అట్ట విప్పించి చూసేవాళ్లు. అప్పట్లో ఏ.సి., డి.సి. రెండింటికీ పనిచేసే సెట్లు కొన్ని ఉండేవి. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చట్రమంతా కరెంటే. దానికి నేరుగా ఎర్తు తీగ కలిపితే ఫ్యూజు పోవడం అదృష్టం, మనిషి పోవడం దురదృష్టం. ‘వినేదానికి ముందు బతకాల’ అనేవారు సారు. ఇంటింటికీ తిరిగి చూసిన ఆ సాయంత్రాలకు ఆయనకు ఎవరూ పైసా ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు.

ఇప్పుడు తగవు. 1974 జనవరిలో సారు మా చేత మూడు వారాలు ఒక పరీక్ష చేయించారు. గది బయట ఒక కుర్రాడు ఎర్తు తీగను తన ఇష్టం వచ్చినట్టు కలుపుతూ తీస్తూ ఉంటాడు, కాగితం మీద రాసుకుంటాడు. లోపల సెట్టు దగ్గర ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. తనకు వినిపించినదాన్ని బట్టి ఎర్తు ఉందో లేదో చెప్పాలి. చివర రెండు కాగితాలూ పోల్చాలి. వినేవాడి నమ్మకం చెవిలో దూరకుండా ఇంత సులువైన ఉపాయం ఉందని ఆ వయసులో తెలియడం నాకు మహా ఆశ్చర్యం. తరువాత నేను ఉద్యోగంలో చూసిన చాలా నివేదికలకు ఈ పాటి జాగ్రత్త కూడా లేదు.

నోటుపుస్తకం చెప్పేది ఇది. కడప మీడియం వేవ్ మీద లోపలివాడు ఇంచుమించు ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. ఎర్తు తీస్తే గొంతు సన్నబడేది. రాత్రి 60 మీటర్ల బ్యాండులో హైదరాబాదు, 4800 కిలోహెర్ట్జ్ మీద, సగానికి పైగా సరిగ్గా చెప్పాడు. సిలోన్ 25 మీటర్ల మీద మాత్రం బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. అంటే మన ఎర్తు పార్టీ కడప విషయంలో గెలిచింది, సిలోన్ విషయంలో ఓడింది. ఇందులో వింతేమీ లేదు. తరంగం పొడవుతో పోలిస్తే తీగ చాలా పొట్టిదైనప్పుడు నేలే ఏరియల్‌కు రెండో సగంగా పనిచేయాలి. మీడియం వేవ్ తరంగం వందల మీటర్లు, మన తీగ ఇరవై. 25 మీటర్ల తరంగానికి అదే తీగ తనకు తాను చాలినంత. నేల సాయం అంతగా అడగదు.

ఎత్తు పార్టీ సంగతీ చూద్దాం. ఆ వేసవిలో బొంగు పొడవు పెంచి తీగను పదిహేను అడుగుల నుంచి ముప్పై దాటించారు. సిలోన్‌లో తేడా లేదు. ముందే చెప్పాను కదా, అది నెత్తిన పడే వాన. చూరు కిందకు తప్ప ఎక్కడ నిలబడినా తడుస్తాం. కానీ లండన్ నుంచి బీబీసీ స్పష్టంగా బాగుపడింది. ఏడెనిమిది వేల కిలోమీటర్ల నుంచి వచ్చే తరంగం దిగంతానికి దగ్గరగా, ఏటవాలుగా వస్తుంది. దాన్ని అందుకోవడానికి ఎత్తు కావాలి. తీగ పడ్డ దిక్కు కూడా కావాలి. తరంగం తీగకు అడ్డంగా వచ్చి తగిలితే బాగా పలుకుతుంది. లండన్ మనకు వాయవ్యం, కాబట్టి తీగ నైరుతి నుంచి ఈశాన్యానికి ఉండాలి. మన వేపచెట్టు అదృష్టవశాత్తు ఆ దిక్కునే పెరిగింది.

మరి ‘నీళ్లు పోశాక సిలోన్ బాగా పలికింది’ అని ఇంతమంది ఎలా ప్రమాణం చేస్తున్నారు? దానికీ పుస్తకంలో జవాబుంది. నీళ్లు పోసేది సాయంత్రం ఆరింటికి. అప్పుడే బడి వెనక పిండిమిషను ఆపేసేవాళ్లు. మోటారు బ్రష్షుల్లో లేచే నిప్పురవ్వల గరగర ఆగిపోయేది. పక్క గదిలో ట్యూబులైటు ఆర్పి అటెండరు ఇంటికి పోయేవాడు. పొద్దు గుంకి పై పొరలు మారేవి. ఇన్ని జరిగితే పేరు బక్కెట్టుకు వచ్చింది. ట్యూబులైటు వేసి, ఆర్పి చేసిన పరీక్షలో లోపలివాడు ఒక్కసారి కూడా పొరబడలేదు. అన్నిటికన్నా శుభ్రంగా పలికింది కరెంటు పోయిన రాత్రుళ్లు. బ్యాటరీ ట్రాన్సిస్టరుకు బడి తీగ తగిలించి వింటే ఊరంతా చీకటి, సెట్టులో గరగరే లేదు. తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాను: సిలోన్ కేసులో రెండు పార్టీలూ ఓడాయి, గెలిచింది పిండిమిషను ఓనరు.

నోటుపుస్తకంలో ప్రయోగాలన్నిటిలో నాకు ఇష్టమైనది వేరుశనగ పొలంలో చేసింది. హెరాల్డ్ బెవరేజ్ అనే అమెరికా ఇంజనీరు 1921లో పేటెంటు పొందిన ఏరియల్ ఒకటుంది, గోడ్లీ స్కాట్లండులో వేసింది అదే రకం. నేల మీద మనిషెత్తులో చాలా పొడవైన తీగ, వినాల్సిన దిక్కుకే లాగాలి, అడ్డంగా కాదు. దాని వింత గుణం ఏమిటంటే నేల ఎంత చెడ్డదైతే అంత బాగా పనిచేస్తుంది. తడి నేల మీదా సముద్రం మీదా దానికి బలం తక్కువ. ఎండు నేల మీద పాకే తరంగం కాస్త ముందుకు వాలుతుంది, ఆ వాలునే తీగ పట్టుకుంటుంది. మంచి ఎర్తు దొరకదని పదేళ్లు బాధపడిన సారుకు మన గరుసు నేల పనికొచ్చే ఏరియల్ ఒకటుందని తెలిసి ఎంత సంబరమో! 1974 డిసెంబరులో కాయ పీకేసిన చేనులో కాలిన మోటారు విప్పిన చుట్టతీగను కందికట్టెల మీద వాయవ్యానికి లాగాం. కొలిస్తే 160 మీటర్లు. దూరపు కొసన ఒక రెసిస్టరు, దాన్నుంచి నేలకు కడ్డీ. దానివల్ల వెనక దిక్కు నుంచి వచ్చేది అణిగిపోతుంది. ఆ రాత్రి 31 మీటర్ల మీద లండన్ పక్క స్టేషన్లన్నీ వెనక్కి తగ్గి ముందుకు వచ్చింది. మూడో నాటికి గొర్రెల మంద తీగను ఈడ్చుకుపోయింది, కాపరి మా మీద పంచాయతీ పెట్టాడు. ఆ మూడు రాత్రుల పేజీలు మటుకు పుస్తకంలో అన్నిటికన్నా నిండుగా ఉన్నాయి.

మాకు ముందటివాళ్లు చెప్పిన రెండు సంగతులు కూడా రాయాలి. 1969 జూలై 21, సోమవారం. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టింది మన గడియారంలో పొద్దున 8 గంటల 26 నిమిషాలకు. వాయిస్ ఆఫ్ అమెరికా నేరుగా ప్రసారం చేసింది. మొదటి గంట కొట్టకముందే సైన్సు గది కిటికీల దగ్గర పిల్లలు కిక్కిరిశారని, ఇంగ్లీషు సారు ఒక్కో ముక్క తెలుగులో చెబుతూ వచ్చారని ఆ బ్యాచివాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1971 డిసెంబరు యుద్ధం రోజుల్లో సైన్యంలో కొడుకులున్న తల్లిదండ్రులు సాయంత్రం బడికి వచ్చి ఆకాశవాణి, తరువాత బీబీసీ విని, రెండూ ఒకటే చెబితే ఇంటికి పోయేవాళ్లట. అరుగు మీద కూర్చున్న ఆ తల్లులకు తీగ ఎత్తు ఎంత అన్నది వినోదం కాదు.

చివరగా పిడుగు. తీగ గదిలోకి వచ్చే చోట కిటికీ బయట కత్తిలాంటి పిడి ఉన్న స్విచ్చి ఒకటి బిగించి ఉండేది. పైకి వేస్తే ఏరియల్ సెట్టుకు, కిందికి దించితే నేరుగా ఎర్తు గుంతకు. సిలోన్‌కు ఎర్తు అక్కర్లేకపోవచ్చు, దీనికి మాత్రం కావాలి. నేరుగా పిడుగు పడితే ఏ స్విచ్చీ ఆపలేదు, దగ్గర్లో పడినప్పుడు తీగలో పుట్టే పోటును నేలకు పంపుతుంది. 1974 మేలో గాలివాన నాడు ఊళ్లో ఒకరింట ఏరియల్ తీగ కిటికీ కమ్మీకి చుట్టి వదిలేసి ఉంది. సెట్టు మాడిపోయింది, గోడ పెళ్ల ఊడి పడింది. గదిలో ఎవరూ లేకపోవడం వాళ్ల పుణ్యం. మర్నాటి నుంచి సారు ఒక నియమం పెట్టారు. సాయంత్రం చివరగా వెళ్లేవాడు స్విచ్చి దించి, నోటుపుస్తకం అంచున ‘దించినాను’ అని రాసి సంతకం చేయాలి.

నా దగ్గరున్న పుస్తకం విలువంతా ఆ అంచుల్లోనే ఉంది. పదేహేనేళ్లైనా నిండని చేతుల సంతకాలు, కొన్ని వంకర, కొన్ని తండ్రి సంతకానికి నకలు. వాళ్లలో తొమ్మిదిమంది ఇప్పుడు లేరు. ఆడపిల్లల సంతకాలు రెండే. చీకటి పడేదాకా వాళ్లను ఉండనిచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నం అన్నం వేళ 19 మీటర్ల మీద విని రాసినవాళ్లు మాత్రం ఆరుగురున్నారు. ఆ పేజీల్లో అక్షరం మా అందరికన్నా బాగుంది.

ఆ తరువాతి కథ తెలిసిందే. 1976 నుంచి కొన్నేళ్లు షార్ట్‌వేవ్ అంతటా వడ్రంగిపిట్ట పొడిచినట్టు సెకనుకు పదిసార్లు టకటక వినపడేది. అది చెర్నోబిల్ దగ్గర సోవియట్లు కట్టిన రాడారని తరువాత తెలిసింది. టీవీ వచ్చింది, ఎఫ్‌ఎమ్ వచ్చింది. 2012లో నెదర్లాండ్స్ రేడియో, 2017 జనవరిలో ఆస్ట్రేలియా రేడియో షార్ట్‌వేవ్ ఆపేశాయి. 2020 జనవరి 31తో బీబీసీ హిందీ కూడా. ఉన్నవాటిని వినాలన్నా ఇప్పుడు ప్రతి ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి వంద పిండిమిషన్ల పెట్టు. వేపచెట్టు 1996 గాలివానకు పడిపోయింది.

ఎర్తు గుంత ఉంది. సైకిల్ స్టాండు మూలన పైపు మూతి బెత్తెడు పైకి కనిపిస్తుంది. సంఘం కట్టబోయే సభామంటపం పునాది గీత సరిగ్గా దాని మీదుగా పోతోందని పోయిన నెల చూశాను. గీత ఆరడుగులు తూర్పుకు జరిపితే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు. కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాను. మంటపం మీద పిడుగు నివారణ కడ్డీ ఎలాగూ పెట్టాలి కాబట్టి, దాని ఎర్తుకు ఆ తావే పనికొస్తుందేమో ఇంజనీరు చేత కొలిపించమని కూడా అడిగాను. నోటుపుస్తకం స్వర్ణోత్సవం నాడు బడి గ్రంథాలయానికి అప్పగిస్తున్నాను. అంచుల నకళ్లు సైన్సు గదిలో బల్ల మీద పరిచి ఉంటాయి. 41వ పేజీలో ఒక సంతకం ఎవరిదో ముగ్గురిని అడిగినా తేలలేదు. చూసి గుర్తుపట్టినవాళ్లు పక్కన పెన్సిలుతో పేరు రాయగలరు.